వదిన నమ్మిన నక్షత్రం

మా వదిన పది నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఎవరూ లేరు. కూర్చుంటే కాలు ఊగుతుంది. కాలు పట్టుకుని ఆపితే వేళ్లు బల్ల మీద దరువు మొదలెడతాయి. అదీ వద్దంటే లేచి కిటికీ దాకా పోయి, అక్కడేదో మర్చిపోయినట్టు తిరిగొస్తుంది. పెళ్లయి మా ఇంటికి వచ్చిన రోజే మేడమెట్లు ఎక్కుతూ లెక్కపెట్టి, "ఇరవై మూడు. పదిహేడోది మిగతావాటికంటే ఎత్తు తక్కువ. ఎవరో ఒకరు పడతారు," అంది. కొత్త కోడలు అనాల్సిన మాటేనా ఇది అని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. నెల తిరక్కుండా అక్కడ పడింది నేనే. అప్పట్నుంచీ ఆమె లెక్కంటే నాకు భయం, గౌరవం, కొంచెం ఒళ్లుమంట. ఆడపడుచుని కాబట్టి ఆ మాత్రం ఒళ్లుమంట నా హక్కు.

మేం ముగ్గురం ఒకే చోట పనిచేసేవాళ్లం. గుట్ట మీది పరిశోధనశాలలో నేను టైపిస్టుని, మా అన్నయ్య యంత్రాల మెకానిక్, వదినది లెక్కల గది. రాత్రి టెలిస్కోపు దగ్గర కూర్చునేవాళ్లు వేరే. వాళ్లు పట్టి ఉంచిన వెలుగుని పగలు కొలిచి, అంకెలుగా మార్చి, గీతలు గీసి పెట్టేది వదిన. నక్షత్రం వెలుగుని విడదీసి పొడుగాటి పట్టీలా పరిస్తే అందులో సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. నక్షత్రం మన వైపు వస్తుంటే ఆ గీతలు ఒక పక్కకి, దూరంగా పోతుంటే ఇంకో పక్కకి వెంట్రుకవాసిలో జరుగుతాయి. ఏ నక్షత్రమైనా అలా అటూ ఇటూ ఊగుతోందంటే, కంటికి కనిపించని గ్రహమేదో దాని చుట్టూ తిరుగుతూ దాన్ని లాగుతోందన్నమాట. ఆ ఊగులాట కోసమే మావాళ్లు ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నారు.

గురుగ్రహం మన సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. ఎక్కడైనా పెద్ద గ్రహాలన్నీ అంతే అని మా డైరెక్టర్ గారి నమ్మకం. అందుకని ఆఫీసులో ఎవరికీ తొందర లేదు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది, అదీ కాకపోతే రిటైరయ్యేలోపు. తొందరపడేది వదిన ఒక్కతే, అదీ టీ చల్లారిపోతుందని.

వెంట్రుకవాసి కొలతలు కదా, యంత్రం కాస్త అటూ ఇటూ అయినా లెక్క తల్లకిందులవుతుంది. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అసలు కదలనే కదలదని తేలిన ఒక నక్షత్రాన్ని అది కనిపించే కాలమంతా ప్రతిరోజూ అన్నిటికంటే ముందు చూస్తారు. అది కదిలినట్టు కనిపిస్తే ఆ కదలిక యంత్రానిది. అంత మొత్తాన్నీ ఆ రాత్రి చూసిన మిగతా నక్షత్రాలన్నిటి లెక్కలోంచీ తీసేస్తారు. ఆ నిలకడ నక్షత్రాన్ని ఏడేళ్ల కిందట ఏరింది మా వదినే. మూడువందల నక్షత్రాల్ని జల్లెడపట్టి దాన్ని తేల్చింది. ఆఫీసులో దాన్ని 'మేడమ్ గారి చుక్క' అనేవాళ్లు. కుదురులేని మనిషి ఏరి ఏరి కుదురైన చుక్కని పట్టుకుందే అని నేను ఏడిపించేదాన్ని.

మూడేళ్ల కిందట పాత యంత్రం పోయి కొత్తది వచ్చింది. బీరువా అంత పెట్టె. పాతదానికంటే పదిరెట్లు సన్నగా కొలుస్తుంది. దాన్ని విప్పి, అమర్చి, ప్రతి మరనీ తన చేత్తో బిగించింది మా అన్నయ్య. ఆ వారం ఆయన ఇంట్లో ఈల వేస్తూ తిరిగాడు. నోట్లో నాలుక లేని మనిషి ఈల వేశాడంటే మాకు పండగే.

ఆ సంతోషం రెండు నెలలు కూడా నిలవలేదు. మేం చూస్తున్న నలభై నక్షత్రాలూ కలిసి, ఒకే తీరున, నాలుగేసి రోజులకోసారి ఊగుతున్నట్టు తేలింది. ఒక్కటి ఊగితే గ్రహం అనుకోవచ్చు. ఎక్కడెక్కడివో నలభై నక్షత్రాలు మాట్లాడుకుని కలిసి ఊగుతాయా? కాబట్టి తప్పు యంత్రానిది; నిలకడ నక్షత్రాన్ని చూశాక మిగతావి చూసేలోపు అది జరిగిపోతోందన్నారు. యంత్రం కొత్తగా వచ్చింది కాబట్టి, తప్పు అమర్చినవాడిది. అందరి తర్కం ఇంతే, వదిన తర్కం కూడా. ఊగులాట కనిపించిన ప్రతిసారీ లాగ్‌బుక్కులో ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో 'యంత్ర దోషం' అని రాసి సంతకం పెట్టేది. అన్నయ్య వెళ్లి పెట్టె తెరిచి మరలు సరిచూసి వచ్చేవాడు. మూడేళ్లలో రెండువందల పన్నెండుసార్లు రాసింది. నెలనెలా ఆ నివేదిక టైపు చేసింది నేను.

ఒకసారి, ఒకే ఒకసారి, అన్నయ్య నోరు తెరిచాడు. యంత్రం లోపల సరిచూసుకోవడానికి చిన్న లాంపు ఒకటి ఉంటుంది. "లాంపు వెలుగుతో చూస్తే గీతలు కదలట్లేదు కదా సార్," అన్నాడు. "లాంపు నీ పెట్టెలోదే కదయ్యా. అది ఇంట్లో సాక్షి. నక్షత్రం బయటి సాక్షి. ఎవర్ని నమ్మమంటావ్?" అన్నారు డైరెక్టర్ గారు. వదిన అక్కడే తల ఎత్తకుండా లెక్క రాసుకుంటోంది. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర కూడా ఎవరం ఆ ఊసెత్తలేదు. మా ఇంట్లో ఆ మూడేళ్లూ యంత్రం గురించి తప్ప ప్రపంచంలో అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

చివరికి వ్యవహారం కమిటీ దాకా పోయింది. యంత్రాన్ని విప్పి వెనక్కి పంపించేయాలనీ, అన్నయ్యని అక్కణ్ణుంచి తప్పించి పంపుషెడ్డులో వేయాలనీ, పనిలో అసమర్థుడని ఆయన ఫైల్లో రాయాలనీ నిర్ణయించారు. కమిటీ ఇరవై రోజుల్లోపే కూర్చుని సంతకాలు పెడుతుంది. మెమో టైపు చెయ్యమని కాగితం నా బల్ల మీదికే వచ్చింది. సొంత అన్నయ్యని అసమర్థుడని నా వేళ్లతో కొట్టించారు. ఆ రోజు నేను పదకొండు తప్పులు కొట్టాను. కొన్ని కావాలనే. అన్నీ దిద్ది మళ్లీ కొట్టమన్నారు.

మెమో ప్రతి తీసుకెళ్లి వదిన ముందు పడేశాను. "ఇదిగో, నీ రాతల ఫలితం. చదువుకో," అన్నాను. అంత కటువుగా అనాల్సింది కాదు. కానీ అరికాలి మంట నెత్తికెక్కింది, ఏం చెయ్యను. ఆమె చదివింది. కాలు ఊపలేదు, వేళ్లు ఆడించలేదు. లేచి వెళ్లి మూడేళ్ల లాగ్‌బుక్కులన్నీ తెచ్చుకుని కూర్చుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెతో ఒకే ఇంట్లో ఉండటం నరకం. పళ్లు తోముకుంటూ తేదీలు వల్లె వేసేది. సగం తిన్న కంచం వదిలేసి వరండాలో పచార్లు. స్టవ్ మీద పాలు మూడుసార్లు పొంగాయి. ఒకరోజు ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు వేసుకుని ఆఫీసుకి వచ్చింది. అన్నయ్య మాత్రం ఏమీ అడక్కుండా పొంగిన పాలు తుడిచేవాడు.

అయిదో రోజు మధ్యాహ్నం టైపు గదిలోకి ఊడిపడింది. తలుపేసింది.

"అమ్మాయ్, రెండేళ్ల కిందట మీ అన్నయ్య యంత్రం మొత్తం విప్పి మళ్లీ బిగించారు, గుర్తుందా?"

"ఎందుకు లేదు? ముప్ఫైమూడు రోజులు ఇంటి మొహం చూడలేదు."

"ముప్ఫైమూడు రోజులూ యంత్రం లేదు. ఒక్క ముక్కా ఇంకో ముక్కతో కలిసి లేదు. మళ్లీ బిగించాక ఊగులాట ఎక్కడ మొదలైందో తెలుసా? మధ్యలో అసలు ఆగనే లేదన్నట్టు సరిగ్గా రావాల్సిన చోటికే వచ్చింది. ఎనిమిది చుట్లు. లెక్క తప్పలేదు."

"అంటే?"

"అంటే అది యంత్రంలో లేదు. యంత్రాన్ని చంపి బతికించినా దానికి పట్టలేదు. ఇంకోటి విను. చుట్టుకి నాలుగు రోజుల అయిదు గంటలు. మనిషి చేసిన వస్తువుకి జబ్బొస్తే ఎండకో చలికో, పగలో రాత్రో చూసుకుని వస్తుంది. ఈ అయిదు గంటలేంటి?"

నాకు సగమే అర్థమైంది. "నలభై చుక్కలూ కలిసి ఊగుతున్నాయి కదా మరి?"

వదిన గొంతు తగ్గిపోయింది. "నలభై ఊగట్లేదు. ఒక్కటే ఊగుతోంది. దాన్ని కదలనిదని నమ్మి, దాని ఊగులాటని తెచ్చి నలభై చుక్కలకీ అంటించాను. రాత్రంతా ఆ తీసివేత లేకుండా లెక్క మళ్లీ కట్టాను. నలభై గీతలూ చాపలా పడుకున్నాయి. నా చుక్క ఒక్కటే ఊగుతోంది."

పాత యంత్రం మొరటుది. ఆ చిన్న కదలిక దానికి అందలేదు. అందుకే ఏడేళ్ల కిందట నక్షత్రం నిలకడగా కనిపించింది. కొత్తది సన్నగా కొలిచేసరికి బయటపడింది. అంటే అన్నయ్య పెట్టె తప్పు చెయ్యకపోగా, అందరికంటే నిజం చెప్పింది. ఆ నిజానికే మూడేళ్లుగా ఆయనకి మొట్టికాయలు.

ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరం డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన చెడ్డవాడు కాదు. తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే గొంతుతో చెప్పే రకం, అంతే. కాగితాలన్నీ చూసి కళ్లజోడు తీశారు.

"నీ నక్షత్రం సెకనుకి అరవై మీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతోందంటావ్. దాన్నంత లాగాలంటే గురుగ్రహం పాటిదేదో ఉండాలి. అది నాలుగు రోజుల్లో చుట్టి రావాలంటే నక్షత్రాన్ని ఒరుసుకుని తిరగాలి. పొయ్యిలో కూర్చున్నట్టు. పన్నెండేళ్లు పట్టేది నాలుగు రోజుల్లోనా? నీ చుక్కని కాపాడ్డానికి ఇన్నాళ్లూ మీ ఆయన్ని తిట్టావ్. ఇప్పుడు మీ ఆయన్ని కాపాడ్డానికి చుక్కని తిడుతున్నావ్."

వదిన మొహం ఎర్రబడింది. "సార్, నమ్మొద్దు. రాబోయే పదకొండు సాయంత్రాలు అది ఎంత వేగంతో ఎటు పోతుందో ముందే రాసిస్తాను. లాంపుతో సరిచూసి కొలవండి. పక్కనున్న చుక్కల్ని కూడా కొలవండి. యంత్రం ఊగితే అవీ ఊగాలి. నా అంకెలు తప్పితే మెమోలో నా పేరు కూడా వేయించండి."

ఆ పదకొండు రోజులు దాటితే ఇంక లాభం లేదు. ఆ నక్షత్రం రోజురోజుకీ పడమటికి దిగిపోతోంది. పొద్దుగుంకగానే కాసేపు కనిపించి వాలిపోతుంది. ఆ తర్వాత సూర్యుడి వెలుగులో కలిసిపోయి కొన్ని వారాలపాటు దొరకదు. కమిటీ సరిగ్గా పన్నెండో రోజు పొద్దున్న. డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు గానీ రెండు షరతులు పెట్టారు: కొలిచేటప్పుడు వదిన గదిలో ఉండకూడదు, అన్నయ్య యంత్రాన్ని ముట్టుకోకూడదు. వదిన రాసిచ్చిన కాగితం నా సొరుగులో పెట్టి తాళం వెయ్యాలి.

మొదటి సాయంత్రం వదిన అంకె: దూరంగా, అరవై. వచ్చింది యాభైఏడు. రెండో రోజు: దూరంగా, అయిదు. వచ్చింది ఎనిమిది. మూడో రోజు: మన వైపు, యాభైతొమ్మిది. వచ్చింది అరవైరెండు. పక్క చుక్కలు కదలలేదు. నేను గాల్లో తేలుతూ డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లాను. "మూడు రోజులంటే ఒక్క చుట్టు కూడా కాదు. కాకతాళీయం కావచ్చు," అన్నారు. ఆ తర్వాత మబ్బులు కమ్మాయి.

అయిదు రోజులు మబ్బే. నాకు ఆకాశం మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. వదిన గంటకోసారి డాబా ఎక్కి దిగేది. మబ్బుల్ని చేత్తో తోసేద్దామన్నట్టు నిలబడేది. రాత్రి మంచం మీద లేచి కూర్చుని, ఎవరో అడిగినట్టు అంకెలు చెప్పేది. తొమ్మిదో రోజు తెరిపిచ్చింది. అంకె నలభైతొమ్మిది, వచ్చింది యాభై, దూరంగా. డైరెక్టర్ గారు ఈసారి కాకతాళీయం అనలేదు. పదో రోజు మళ్లీ మబ్బు. మిగిలింది ఒక్క సాయంత్రం.

ఆ సాయంత్రం డైరెక్టర్ గారే కింద యంత్రం గదికి వచ్చారు. మెమో ఫైలు చేత్తో పట్టుకునే వచ్చారు. సొరుగులోని కాగితం తీసి నేను జేబులో పెట్టుకున్నాను. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వదిన గుమ్మం బయట. పొద్దుగుంకింది. నక్షత్రం కనిపించింది. ఇరవై నిమిషాల్లో ఎదుటి గుట్టల వెనక్కి పోతుంది. వెలుగుని యంత్రంలోకి వదలడానికి షట్టర్ తెరవబోతే అది సగంలో బిగుసుకుపోయింది.

టెలిస్కోపు దగ్గరున్న మనిషి రెండుసార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు. డైరెక్టర్ గారు గడియారం చూసుకుని అన్నయ్య వైపు తిరిగారు. "షరతు గిరతు తర్వాత. నువ్వు చూడు."

అన్నయ్య కదల్లేదు. రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు. "నా వల్ల కాదు సార్. నేను ముట్టుకోను."

"పంతాలకి పోయే టైమా అన్నయ్యా!" అని అరిచాను.

"పంతం కాదమ్మా. నా చేతులు వణుకుతాయి."

వదిన గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. ఆయన చేతులు ముందుకి లాగి చూసింది. ఆ చేతులు నిబ్బరంగా ఉన్నాయి. వదిన వేళ్లే వణుకుతున్నాయి.

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే. రెండువందల పన్నెండుసార్లు రాశావ్. లోపం యంత్రంలో లేదని నాకు తెలుసు. మరలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంక మిగిలింది నా చెయ్యే. నువ్వు రాశావంటే నిజమే అయ్యుంటుందనుకున్నా."

కిటికీలోంచి చూస్తే నక్షత్రం గుట్ట అంచుకి జానెడు ఎత్తులో ఉంది.

"నేను రాసింది తప్పు," అంది వదిన. "రెండువందల పన్నెండుసార్లూ తప్పే. వెళ్లి తెరవండి."

"తప్పని ఇంకా తేలలేదు కదా. ఈ పూట అంకె రాలేదుగా." ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆమె దగ్గర నేర్చుకున్న పద్ధతే అది.

"తేలక్కర్లేదు. అంకె ఏదొచ్చినా సరే, మీ చేతిలో లోపం లేదు. నేను చెప్తున్నా కదా."

అంకె లేకుండా ఆమె ఒక మాట అనగా వినడం నా జీవితంలో అదే మొదటిసారి. అన్నయ్య ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత వెళ్లి యంత్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సన్న మరని పావువంతు తిప్పాడు, ఇంకాస్త తిప్పాడు. షట్టర్ జారుకుంటూ తెరుచుకుంది. నక్షత్రం గుట్ట వెనక్కి వాలేసరికి పదకొండు నిమిషాల వెలుగు దక్కింది.

కొలత రావడానికి గంట పట్టింది. నేను జేబులోంచి కాగితం తీసి చదివాను: మన వైపు, నలభైమూడు. యంత్రం చెప్పింది నలభైఒకటి. డైరెక్టర్ గారు రెండంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "పొయ్యిలో కూర్చునుందే, గురుడంతది," అని తనలో తాను గొణుక్కున్నారు. ఆ తర్వాత మెమో తీసి అడ్డంగా చింపి, ముక్కలు నా చేతిలో పెట్టారు. ప్రపంచంలో ఎవరి కంటా పడని ఒక పెద్ద గ్రహం మాకు దొరికిందని నేను కేకలు పెట్టాను. ఎవరికో ఫోన్ చెయ్యడానికి అందరూ పైకి పరిగెత్తారు.

వదిన ఆ కాగితం వైపు కూడా చూడలేదు. అన్నయ్య పక్కన నేల మీద కూర్చునుంది.

"ఎవరికైనా చూపించుకున్నారా?"

"రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఏమీ లేదన్నారు. నమ్మలేదు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

అన్నయ్య చేతులకంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ కొంచెం నవ్వాడు. "నీకు చెప్తే రాసేస్తావని," అన్నాడు.

అప్పుడు వదిన ఏడ్చింది.